ఫ్లైవీల్ చేయించే ముందు లేత్ షాపుకు ఏం చెప్పాలి

మిర్యాలగూడ నుంచి ఒక యువ మిత్రుడు మూడు సందేహాలు అడిగారు. ఆయన 1.3 లీటర్ల మారుతి ఎస్టీమ్‌ను ఆటోక్రాస్ (మలుపుల ట్రాక్ మీద సమయం కొలిచే) పోటీల కోసం తయారు చేసుకుంటున్నారు. సిలిండర్ హెడ్ పని పూర్తయింది, ఇంజిన్‌ను నిమిషానికి 7000 చుట్ల దాకా తిప్పాలని ఉద్దేశం, ఇక క్రాంక్‌షాఫ్ట్ చివర బిగించి ఉండే, క్లచ్ ఆనే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, బరువు తగ్గించాలనుకుంటున్నారు. ఊళ్లోనే రైస్ మిల్లుల పనులు చేసే ఒక లేత్ షాపు వారు అల్యూమినియంతో కొత్త ఫ్లైవీల్ చేసిస్తామని చెప్పారట. ఏ లోహం మంచిది, షాపు వారికి ఏమేం చెప్పాలి, ఈ పని మన జిల్లాలోనే అవుతుందా లేక హైదరాబాద్ వెళ్లక తప్పదా అన్నవి ఆయన ప్రశ్నలు.

నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ పూర్తి చేసి, హైదరాబాద్ బాలానగర్‌లోని చిన్న కార్ఖానాల్లో పదకొండేళ్లు పనిచేసి, తర్వాత నల్లగొండకు తిరిగి వచ్చి సొంతంగా లేత్ పెట్టుకున్నవాడిని. నా షాపుకు వచ్చే పనిలో ఎక్కువ భాగం మిల్లు షాఫ్టులు, బోరు మోటార్ల కప్లింగులు, ట్రాక్టర్ పిన్నులే. అయితే పోటీ కార్లు నడిపేవారు పాలమూరు నుంచీ హైదరాబాద్ నుంచీ కూడా వస్తుంటారు కాబట్టి కొన్ని ఫ్లైవీళ్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. అందులో మొదటిది నేను చెడగొట్టాను. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది అదే.

ముందుగా సూటిగా జవాబులు. అల్యూమినియం వద్దు, ఉక్కుతో చేయించండి. లేత్ మీద చేసే పని మిర్యాలగూడలోనే నిశ్చింతగా అవుతుంది. గ్రైండింగ్‌కు, డైనమిక్ బ్యాలెన్సింగ్‌కు (చక్రాన్ని తిప్పుతూ సమతూకం సరిచేయడానికి) మాత్రం నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. అయితే లోహం కన్నా, ఊరి కన్నా ముఖ్యమైనది మీరు షాపుకు తీసుకెళ్లే కాగితం. మన దగ్గరి ఉస్తాద్‌ల చేతిలో నైపుణ్యానికి లోటు లేదు. ఏ కొలత ప్రాణం, ఏ కొలత అటూ ఇటూ అయినా పరవాలేదు అన్నది వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇలాంటి పనులు చెడిపోతున్నాయి.

అసలు బరువు ఎందుకు తగ్గిస్తున్నామో ఒకసారి లెక్క చూద్దాం, ఎందుకంటే ఎక్కడ కోయాలో ఆ లెక్కే చెబుతుంది. ఫ్లైవీల్ తేలికైతే ఇంజిన్ శక్తి పెరగదు. ఇంజిన్ తనను తాను వేగవంతం చేసుకోవడానికి ఖర్చు పెట్టే శ్రమ తగ్గుతుంది, అంతే. కేంద్రం నుంచి 130 మి.మీ. దూరంలో, అంటే అంచు దగ్గర, ఒక కిలో తీశారనుకోండి. మొదటి గేరులో మొత్తం గేరు నిష్పత్తి 13.6 అనీ, చక్రం వ్యాసార్ధం 28 సెం.మీ. అనీ అనుకుంటే, ఆ ఒక్క కిలో తీయడం కారు మీద నుంచి సుమారు 40 కిలోలు దించినంత పని చేస్తుంది. మొత్తం నిష్పత్తి 4 ఉండే పై గేరులో అదే కిలో విలువ మూడున్నర కిలోలకు మించదు. ఆటోక్రాస్‌లో మొదటి రెండు గేర్లలోనే ఎక్కువసేపు ఉంటారు కాబట్టి మీ ఆలోచన సరైనదే. ఇక అదే కిలోను అంచు దగ్గర కాకుండా 60 మి.మీ. దూరంలో తీస్తే ఫలితం నాలుగున్నర రెట్లకు పైగా తగ్గిపోతుంది. కేంద్రం దగ్గర, బోల్టుల చుట్టూ ఉన్న లోహాన్ని ముట్టుకోవడం వల్ల ప్రయోజనం దాదాపు ఉండదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

ప్రమాదం అన్న మాట ఊరికే వాడలేదు. ఐదు కిలోల ఫ్లైవీల్ జడత్వ భ్రామకం (తిరిగే వేగం మారకుండా అది అడ్డుకునే గుణం) 0.05 కిలో-చదరపు మీటరు అనుకుంటే, 7000 చుట్ల దగ్గర దానిలో దాగి ఉన్న శక్తి 13 కిలోజౌళ్లకు పైనే ఉంటుంది. యాభై కిలోల బియ్యం బస్తా 27 మీటర్ల ఎత్తు నుంచి కింద పడితే ఎంత దెబ్బ తగులుతుందో అంత. అది పగిలితే ముక్కలు ఆ చక్రం తిరిగే తలంలోనే, గేర్‌బాక్స్ పైతొడుగును చీల్చుకుని బయటికి వస్తాయి. ఇంజిన్ అడ్డంగా కూర్చున్న మీ ఎస్టీమ్‌లో ఆ తలం కారు ముందు నుంచి వెనుకకు, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న రేకు గోడ వైపు ఉంటుంది. ఇంజిన్ కారు పొడవు వెంట ఉండే జిప్సీలాంటి వాటిలో అది నేరుగా నడిపేవారి పాదాల దగ్గరికి వస్తుంది. మిల్లు షాఫ్టు నిమిషానికి వేయి చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. దానికి ఏడు రెట్ల వేగం అంటే లోహంలో పుట్టే లాగుడు నలభై తొమ్మిది రెట్లు, ఎందుకంటే ఆ లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. మిల్లు పనిలో చెల్లిన అలవాట్లు ఇక్కడ చెల్లకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు లోహం సంగతి. కంపెనీ ఫ్లైవీల్ సాధారణంగా పోత ఇనుముతో చేసినదై ఉంటుంది. 130 మి.మీ. వ్యాసార్ధంలో ఉన్న అంచు 7000 చుట్ల దగ్గర సెకనుకు 95 మీటర్ల వేగంతో, అంటే గంటకు 340 కిలోమీటర్ల పైన కదులుతుంది. పలుచని ఇనుప వలయంగా లెక్కేస్తే దానిలో చదరపు మిల్లీమీటరుకు 65 న్యూటన్ల లాగుడు పుడుతుంది. ఎఫ్‌జీ 260 రకం పోత ఇనుము 260 న్యూటన్ల దగ్గర తెగుతుంది కాబట్టి నాలుగింతల భద్రత ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ప్రతి రంధ్రం అంచున ఆ లాగుడు రెండింతలో మూడింతలో అవుతుంది, క్లచ్ రాపిడి వేడికి ముఖం మీద వెంట్రుకంత పగుళ్లు పడతాయి, పోత ఇనుము సాగదు, ఒక్కసారిగా విరుగుతుంది. అందుకే పాత ఫ్లైవీల్‌నే లేత్ మీద పెట్టి పలుచన చేసే పద్ధతి, మన దగ్గర చాలామంది చేసేదే అయినా, ఇంజిన్ చుట్ల పరిమితిని పెంచిన కారుకు నేను చేయను. డబ్బు ఎక్కువ ఇస్తామన్నా చేయను.

అల్యూమినియం పేరు వినగానే మనసు పడటం సహజం, బరువు ఉక్కులో దాదాపు మూడో వంతు. అయితే క్లచ్ ప్లేటు నేరుగా అల్యూమినియం మీద రాపిడి పెడితే అది నిలవదు, కాబట్టి ఉక్కు ముఖం విడిగా చేసి బిగించాలి. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా రెండింతలు వ్యాకోచిస్తుంది. ఆ తేడా ఆ బిగింపు మీదా, అంచున ఎక్కించిన రింగ్ గేరు (స్టార్టర్ మోటారు పట్టే పళ్ల వలయం) మీదా, క్రాంక్ బోల్టుల మీదా పడుతుంది. 6061 రకం అల్యూమినియంను వేడిచికిత్సతో టీ6 అనే స్థితికి తెచ్చినప్పుడు మంచి బలం ఉంటుంది కానీ 150 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే ఆ బలం తగ్గుతుంది. విదేశాల్లో పేరున్న తయారీదారులు ఇవన్నీ ఆలోచించి, పరీక్షించి అల్యూమినియం ఫ్లైవీళ్లు అమ్ముతున్నారు. ఒకే ఒక్క పీసు చేయించుకునే మనకు ఆ పరీక్షలు చేసే వీలు లేదు. పైగా ఏ రకమో తెలియని అల్యూమినియం బిల్లతో చేసిన ఫ్లైవీల్‌ను నేను నా కారులో పెట్టుకోను, మీ కారులో కూడా పెట్టవద్దని కోరుతున్నాను.

కాబట్టి ఉక్కు. నార్మలైజ్ చేసిన (వేడి చేసి గాలిలో చల్లార్చిన) ఈఎన్8 అనే ఉక్కు రకం మీ అవసరానికి సరిపోతుంది. ఇంకొంచెం పలుచన చేయాలనుకుంటే ఈఎన్19 గానీ, ఈఎన్24 గానీ టీ స్థితిలో, అంటే ముందే వేడిచికిత్స చేసి గట్టిపరిచినది, కొనండి. ఈఎన్24 టీ స్థితిలో 850 నుంచి 1000 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుంది, ఆ గట్టిదనంలో కూడా మామూలు కార్బైడ్ టిప్‌తో కోయవచ్చు, కోసిన తర్వాత మళ్లీ వేడిచికిత్స అక్కర్లేదు. ఈ చివరి విషయం ముఖ్యం, ఎందుకంటే పలుచని చక్రాన్ని కోసిన తర్వాత కొలిమిలో పెడితే అది వంకరపోతుంది. 270 మి.మీ. వ్యాసం, 40 మి.మీ. మందం ఉన్న ఉక్కు బిల్ల 18 కిలోలు తూగుతుంది, అందులో 13 కిలోలు ముక్కలై కింద రాలిపోతాయి. ఇంత లోహం వృథా అవుతుందని కొందరు ప్లేటు నుంచి గ్యాసుతో కోసిన బిల్ల తెస్తారు. దొరికితే ఫోర్జింగ్ చేసిన బిల్ల తీసుకోండి, లేదంటే లావు కడ్డీ నుంచి కోసినది. గ్యాసుతో కోసిన అంచు గట్టిపడి ఉంటుంది, కాబట్టి తప్పనిసరై అదే వాడితే చుట్టూ కనీసం 5 మి.మీ. కోసి పారేయాలి.

లోహం ఎక్కడ కొన్నా పరీక్షా పత్రం అడగండి. ఆ పత్రం మీద ఉన్న హీట్ నంబరు (ఆ లోహం కరిగించిన విడత నంబరు) బిల్ల మీద కొట్టిన నంబరుతో కలవాలి. చాలా ఏళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర ఈఎన్24 అని చెప్పి ఇచ్చిన కడ్డీ కొన్నాను. చివరన పూసిన రంగు సరిగ్గానే ఉంది. కోస్తుంటే ముక్క మరీ మెత్తగా, పొడుగ్గా వస్తోందని అనుమానం వచ్చి ఒక చిన్న ముక్కను ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో స్పెక్ట్రో పరీక్షకు ఇచ్చాను. నికెల్ లేదు, మాలిబ్డినం లేదు, అది మామూలు మైల్డ్ స్టీలు. ఆ రోజు నుంచి రంగును నమ్మడం మానేశాను. ఆ పరీక్షకు అయ్యే ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్న భాగం, దయచేసి దాన్ని మిగుల్చుకోవాలని చూడకండి.

ఇక నేను చెడగొట్టిన పని. క్రాంక్‌షాఫ్ట్ చివర ఒక గుండ్రని మెట్టు ఉంటుంది, ఫ్లైవీల్ మధ్య రంధ్రం దాని మీద కూర్చుంటుంది (కొన్ని ఇంజిన్లలో క్రాంక్ వైపే గుంట ఉంటుంది, ఫ్లైవీల్ వైపు మెట్టు ఉంటుంది). దీన్ని రిజిస్టర్ అంటాం. ఫ్లైవీల్ కేంద్రాన్ని నిలబెట్టేది అదే. బోల్టులు ఫ్లైవీల్‌ను క్రాంక్ ముఖానికి నొక్కి పట్టుకుంటాయి తప్ప కేంద్రం చూపించవు, ఎందుకంటే బోల్టు రంధ్రాల్లో ఎప్పుడూ కొంత సందు ఉంటుంది. నాకు అప్పట్లో ఈ తేడా సరిగ్గా తెలియదు. ఒక జిప్సీకి చేసిన ఫ్లైవీల్ రిజిస్టర్ రంధ్రాన్ని, సులభంగా ఎక్కాలని, 0.08 మి.మీ. వదులుగా కోశాను. మిల్లు పుల్లీకి అది మంచి బిగింపే. హైదరాబాద్‌లో బ్యాలెన్స్ చేయించాను కూడా. బండి 4000 చుట్లు దాటగానే నేల వణికినట్టు వణికింది. గేర్‌బాక్స్ దించి చూస్తే క్రాంక్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య ఎర్రటి మెత్తని పొడి ఉంది, ఒక బోల్టు తల దగ్గర తెగి ఉంది. ఆ పొడి తేమకు పట్టిన మామూలు తుప్పు కాదు, రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి సూక్ష్మంగా జరుగుతూ రాలిన ఉక్కు గాలి తగిలి ఎర్రబారినది. ఆ బండి యజమానికి ఇంజిన్ దించిన ఖర్చుతో సహా డబ్బు తిరిగి ఇచ్చాను. ఆయన ప్రాణానికి ఏమీ కాకపోవడం నా అదృష్టం.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే నా తప్పు ఎంత పెద్దదో అర్థమైంది. 7000 చుట్లు తిరిగే ఐదు కిలోల చక్రానికి జీ2.5 అనే బ్యాలెన్స్ స్థాయి కావాలంటే మిగిలిపోగల తేడా 17 గ్రాము-మిల్లీమీటర్లు మాత్రమే. అంటే 100 మి.మీ. దూరంలో గ్రాములో ఆరో వంతు. అదే చక్రం కేంద్రం 0.05 మి.మీ. పక్కకు జరిగితే పుట్టే తేడా 250 గ్రాము-మిల్లీమీటర్లు, అది 7000 చుట్ల దగ్గర దాదాపు 14 కిలోల బరువంత బలంతో క్రాంక్ చివరి బేరింగ్‌ను ప్రతి చుట్టుకూ గుంజుతుంది. బ్యాలెన్సింగ్ మిషన్ మీద గ్రాములో ఆరో వంతు వెతికి, కారులో రిజిస్టర్ వదులుగా కూర్చోబెడితే ఆ శ్రమంతా మట్టిపాలు. కాబట్టి మీ కాగితం మీద మొదట రాయాల్సిన కొలత రిజిస్టర్ వ్యాసం.

ఆ కొలతను పాత ఫ్లైవీల్ నుంచి తీసుకోకండి. గేర్‌బాక్స్ దించిన రోజున క్రాంక్ మెట్టునే మైక్రోమీటర్‌తో మూడు దిక్కుల్లో కొలవండి, వెర్నియర్ ఇందుకు చాలదు. ఉదాహరణకు ఆ మెట్టు 42 మి.మీ. దగ్గర ఉందనుకుందాం. రంధ్రానికి హెచ్7 అని రాస్తే 42.000 నుంచి 42.025 మధ్య ఎక్కడైనా రావచ్చని అర్థం. క్రాంక్ మెట్టు 41.990 ఉంటే, రంధ్రం 42.000 నుంచి 42.010 మధ్య రావాలని నేనైతే స్పష్టంగా రాసి, ఆ అంకెల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీస్తాను. చేత్తో నొక్కితే గాలి తోసుకుంటూ ఎక్కాలి, ఎక్కిన తర్వాత ఊగకూడదు. బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, డోవెల్ పిన్ (భాగాన్ని సరైన చోట నిలిపే పిన్ను) స్థానం, స్పిగాట్ బేరింగ్ (గేర్‌బాక్స్ షాఫ్టు కొనను పట్టుకునే చిన్న బేరింగ్) ఉంటే దాని గూడు, క్రాంక్ ముఖం నుంచి క్లచ్ రాపిడి ముఖానికి ఎత్తు, ఆ ముఖం నుంచి క్లచ్ కవర్ కూర్చునే ముఖానికి మెట్టు, రింగ్ గేరు ముందుకూ వెనక్కూ ఎక్కడ ఉండాలి అన్నవి తర్వాతి ముఖ్యమైన కొలతలు. క్లచ్ మెట్టు అర మిల్లీమీటరు తప్పితే పెడల్ పట్టే చోటు మారిపోతుంది. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్లు కూడా ఫ్లైవీల్ మీదే ఉంటాయి, మీ ఇంజిన్‌లో అలా ఉందేమో ముందే చూసుకోండి. మిగతా కొలతలన్నిటికీ ఐఎస్‌ఓ 2768 మధ్యస్థ తరగతి అని ఒక్క మాట రాస్తే చాలు. ఆ తరగతిలో 120 నుంచి 400 మి.మీ. కొలతలకు అర మిల్లీమీటరు అటూ ఇటూ చెల్లుతుంది, ఉస్తాద్ అక్కడ సమయం పాడుచేయరు. ప్రతి కొలతకూ 0.01 అని రాసి ఇస్తే ధర పెరుగుతుంది, ఏది నిజంగా ముఖ్యమో కూడా ఆయనకు తెలియకుండా పోతుంది. బొమ్మ కంప్యూటర్ మీద గీసినదే కానక్కర్లేదు, గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి శుభ్రంగా గీసినా సరిపోతుంది.

మన షాపుల్లో పని ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. విరిగిన షాఫ్టు తీసుకొస్తారు, ఉస్తాద్ దాన్ని చూసి, బేరింగ్ పెట్టి చూసుకుంటూ కొత్తది దింపుతారు. సాయంత్రానికి మిల్లు నడవాలి. ఆ విద్య గొప్పది, నేను దాని మీదే బతికాను. అయితే నమూనాకు అలవాటు పడిన చేతికి పాత ఫ్లైవీల్ ఒక్కటే ఇస్తే అందులోని అరుగుదల కూడా కొత్తదానిలోకి వస్తుంది. అందుకే కాగితం ఇచ్చాక పక్కన కూర్చుని, ఈ భాగం ఎక్కడ కూర్చుంటుంది, ఎంత వేగంతో తిరుగుతుంది అన్నది పది నిమిషాలు వివరించండి. పాత ఫ్లైవీల్, క్లచ్ కవర్, రింగ్ గేరు అక్కడే పెట్టండి. వీలైతే క్రాంక్ మెట్టు కొలతకు సరిగ్గా ఒక చిన్న ఉక్కు ప్లగ్ ముందుగా చేయించి, దాన్ని మైక్రోమీటర్‌తో సరిచూసుకుని గేజ్‌గా ఇవ్వండి. ఏ అంకె కన్నా ఆ ప్లగ్ ఉస్తాద్‌కు బాగా అర్థమవుతుంది.

కోసే క్రమం గురించి ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి. రిజిస్టర్ రంధ్రం, క్రాంక్ మీద ఆనే ముఖం ఈ రెండూ ఒకే పట్టులో, జాబ్‌ను చక్ నుంచి విప్పకుండా పూర్తి చేయాలి. తర్వాత జాబ్‌ను తిప్పి, ఆ రిజిస్టర్ మీదే కూర్చునేలా లేత్ మీదే తిప్పిన ఫిక్స్‌చర్‌కు బిగించి, రాపిడి ముఖాన్ని కోయాలి. మూడు దవడల చక్‌లో జాబ్‌ను తిప్పి పట్టి రెండో వైపు కోస్తే రెండు ముఖాలూ ఒకదానికొకటి వాలిపోతాయి, నాలుగు దవడల చక్‌లో డయల్ పెట్టి సరిచేసుకున్నా ఫిక్స్‌చర్ అంత నమ్మకం ఉండదు. మొదట అన్ని వైపులా ఒకటిన్నర మిల్లీమీటరు వదిలి మొరటుగా కోసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు తుది కోత వేయమని చెప్పండి. పైపొర తీసేసరికి లోపలి బిగువు విడుదలై చక్రం కొద్దిగా జరుగుతుంది, ఆ జరుగుడు తుది కోతకు ముందే అయిపోవాలి.

వేసవిలో చేయిస్తుంటే ఇంకో జాగ్రత్త. కోత వేడికి జాబ్ మైక్రోమీటర్ కన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు 42 మి.మీ. రంధ్రం 0.014 మి.మీ. పెద్దదిగా కనిపిస్తుంది. హెచ్7 మొత్తం అనుమతి 0.025 కాబట్టి అందులో సగానికి పైగా ఈ ఒక్క పొరపాటుతోనే పోతుంది. సరిపోయిందనుకుని ఆపిన రంధ్రం చల్లారాక చిన్నదవుతుంది. మే నెలలో నా షాపులో తుది కోతలన్నీ పొద్దున ఏడు గంటల లోపే వేస్తాను, మైక్రోమీటర్‌ను రాత్రంతా జాబ్ పక్కనే ఉంచుతాను.

బరువు తగ్గించడానికి వెనుక ముఖాన్ని అంచు వైపు వాలుగా కోయండి. అందం కోసం చుట్టూ రంధ్రాలు వేయించవద్దు, ఆ రంధ్రాల అంచుల్లోనే పగుళ్లు మొదలవుతాయి. లోపలి మూలలన్నీ కనీసం 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి, ఉన్న రంధ్రాల అంచులు రెండు వైపులా చాంఫర్ చేయాలి. పంచ్ గుర్తులు, నంబరు ముద్రలు అంచు దగ్గర వేయకూడదు. బోల్టు రంధ్రాలకు డీఆర్‌ఓ (జరుగుడును అంకెల్లో చూపే పరికరం) ఉన్న మిల్లింగ్ మిషన్ గానీ వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మిషన్) గానీ వాడాలి, డోవెల్ రంధ్రాన్ని రీమర్‌తో ముగించాలి. నా సలహా మొత్తం బరువు ఐదు కిలోల దగ్గర ఆపమని. ఇంకా తగ్గిస్తే ఐడిల్ నిలకడ పోతుంది, కారును రోడ్డు మీద కూడా నడుపుతానన్నారు కాబట్టి మిర్యాలగూడ బజారులో ప్రతి మలుపులోనూ ఇంజిన్ ఆగిపోతుంది.

రింగ్ గేరును కొట్టి ఎక్కించనివ్వకండి. 250 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న రింగును గది వేడి కన్నా 180 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే అది అర మిల్లీమీటరుకు పైగా వ్యాకోచిస్తుంది, తనంతట తానే జారి కూర్చుంటుంది. గ్యాసు మంట కన్నా ఓవెన్ మంచిది. మంటే వాడాల్సి వస్తే ఉక్కు లేత గడ్డి రంగు దగ్గర ఆపాలి, నీలం తిరిగిందంటే పళ్ల గట్టిదనం పోయినట్టే.

తుది కోత తర్వాత రాపిడి ముఖాన్ని గ్రైండింగ్ చేయించి, చక్రం మొత్తానికి డై పెనెట్రంట్ గానీ మాగ్నెటిక్ పార్టికల్ గానీ పగుళ్ల పరీక్ష చేయించండి. బ్యాలెన్సింగ్ మొదట ఫ్లైవీల్ ఒక్కదానికి, తర్వాత క్లచ్ కవర్ బిగించి రెండోసారి జరగాలి, రెండింటి మీదా జోడీ గుర్తు పెట్టాలి. బ్యాలెన్సింగ్ షాపు వారి మాండ్రెల్ (చక్రాన్ని ఎక్కించి తిప్పే కడ్డీ) కూడా రిజిస్టర్‌లో బిగువుగా కూర్చోవాలి, శంకువు ఆకారపు అడాప్టర్‌తో పట్టుకుంటామంటే ఒప్పుకోకండి. మీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు ఫ్లైవీల్ విడిగా సమతూకంలో ఉంటే సరిపోతుంది. ఇది చదివే ఇంకెవరైనా ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ లాంటి మూడు సిలిండర్ల ఇంజిన్‌కు చేయించాలనుకుంటే ఆగండి. దాని ఫ్లైవీల్‌ను కంపెనీ కావాలనే ఒక వైపు బరువుగా చేసింది, కొత్తదాన్ని ఆ పాత తేడాకు అచ్చంగా సరిపోల్చాలి.

షాపుతో ధర మాట్లాడేటప్పుడు లోహం మీది, కూలి వారిది అని విడగొట్టుకోండి. కాగితం మీద ఎర్ర గీత గీసిన కొలతలు తప్పితే జాబ్ మళ్లీ చేయాలని, మిగతావి మీ బాధ్యత అని ముందే ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టుకోవడం మర్యాదకు భంగం కాదు. జాబ్ చేతికి తీసుకునేటప్పుడు ఆ ప్లగ్‌తో, డయల్ గేజ్‌తో అక్కడే సరిచూడండి. కొలత పరికరాల మీదే అనుమానం ఉంటే 1968లో బాలానగర్‌లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో కాలిబ్రేషన్ చేస్తారు. పోటీ తరగతి నియమాల్లో ఫ్లైవీల్ మార్పుకు అనుమతి ఉందో లేదో కూడా ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు పోటీలను పర్యవేక్షించే సంస్థ) పుస్తకంలో ముందే చూసుకోండి, లేకపోతే ఇంత ఖర్చూ పెట్టి తనిఖీ దగ్గరే ఆగిపోతారు.

బిగించేటప్పుడు క్రాంక్ ముఖాన్ని, ఫ్లైవీల్ ముఖాన్ని నూనె చుక్క లేకుండా తుడవండి. కొత్త బోల్టులే వాడి, కంపెనీ చెప్పిన టార్క్‌కు ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించండి. క్రాంక్‌ను ఒకే వైపు నొక్కి పట్టి డయల్ గేజ్‌తో తిప్పి చూస్తే రాపిడి ముఖం ఊగుడు 0.05 మి.మీ. లోపు ఉండాలి. మొదటి రోజు 3000 చుట్లు దాటకండి, తర్వాత రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచండి, ఆ సమయంలో ఎవరినీ కారు ముందు, ఫ్లైవీల్‌కు సూటిగా నిలబడనివ్వకండి. మొదటి పోటీ అయ్యాక, ఎంత సాఫీగా నడిచినా సరే, గేర్‌బాక్స్ ఒకసారి దించి క్రాంక్ ముఖం చూడండి. అక్కడ ఎర్ర పొడి ఒక్క చిటికెడు కనిపించినా ఆ ఫ్లైవీల్‌ను మళ్లీ బిగించకుండా నాకు చూపించండి. ముఖం శుభ్రంగా మెరుస్తుంటే కొత్త బోల్టులు వేసి నిర్భయంగా బిగించుకోండి.